వరంగల్ ఇంట్లో వెడల్పాటి ఓక్ పలకల నేల: గది ఎంపిక నుంచి రోజువారీ శుభ్రం దాకా

హన్మకొండ, కాజీపేటలలో పెద్ద ఇల్లు కట్టుకుంటున్నవారు ఈ మధ్య కనీసం పై అంతస్తు పడక గదులకైనా గ్రానైట్ వద్దని, చెక్క నేల కావాలని అడుగుతున్నారు. వారు ఫోన్‌లో చూపించే బొమ్మ దాదాపు ఒకేలా ఉంటుంది: ఏడెనిమిది అంగుళాల వెడల్పున్న, లేత గోధుమ రంగు ఓక్ (అమెరికా, యూరప్‌లలో పెరిగే గట్టి చెట్టు) పలకలు, మధ్యలో ఎక్కడా సందు కనిపించకుండా గోడ నుంచి గోడ దాకా పరిచి ఉంటాయి. ఆ నేల మన ఊళ్లోనూ సాధ్యమే. కాకపోతే ఆ బొమ్మ తీసిన ఇంట్లో ఏడాది పొడవునా గాలిలో తేమ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుందన్న సంగతి బొమ్మలో కనిపించదు. అందుకే పలక రంగును ఎంచుకోవడం కంటే ముందు, ఏ గది గాలిని మనం అదుపులో పెట్టగలమో తేల్చుకోవాలని నేను చెబుతాను. ఈ వ్యాసంలోని మిగతా సూచనలన్నీ ఆ ఒక్క నిర్ణయం మీద ఆధారపడినవే.

టేకుకు అలవాటు పడిన కన్ను

గోదావరి తీరపు అడవుల టేకుతో తలుపులు, దూలాలు, మంచాలు చేయించుకున్న ప్రాంతం మనది. ఎండకు ఎండి, వానకు తడిసి కూడా పెద్దగా వంకర పోని ఆ చెక్కను చూసి చూసి, గట్టి చెక్క అంటే కదలని చెక్క అని మనం అనుకుంటాం. ఓక్ విషయంలో ఈ లెక్క తప్పుతుంది. చెక్క గట్టిదనాన్ని కొలిచే జాంకా పద్ధతిలో అమెరికా తెల్ల ఓక్ 1,360 పౌండ్లు, ఎర్ర ఓక్ 1,290 పౌండ్లు చూపిస్తాయి. టేకు 1,070 దగ్గర ఆగుతుంది. అంటే సొట్టలకూ గీతలకూ ఓక్ చెక్కే ఎక్కువ తట్టుకుంటుంది. అయితే పచ్చి చెక్క పూర్తిగా ఆరేసరికి టేకు వార్షిక వలయాల వెంబడి 5 శాతానికి కాస్త పైగా కుంచించుకుపోతే, తెల్ల ఓక్ 10 శాతానికి పైగా కుంచించుకుపోతుంది. గట్టిదనంలో ఓక్‌ది పైచేయి, నిలకడలో టేకుది పైచేయి అన్నమాట.

చెక్క ఒకసారి ఆరిందంటే ఇక ఆరిపోయినట్టే అన్న నమ్మకం కూడా సరికాదు. గాలిలోని తేమను బట్టి అది నిరంతరం నీటిని పీల్చుకుంటూ, వదులుతూ ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ 30 శాతం ఉండే వేసవి మధ్యాహ్నం లాంటి పరిస్థితి చాలాకాలం కొనసాగితే చెక్కలో తేమ సుమారు 6 శాతం దగ్గర స్థిరపడుతుంది. 80 శాతం ఉండే శ్రావణ మాసపు ముసురు లాంటిది కొనసాగితే సుమారు 16 శాతానికి చేరుతుంది. వలయాలకు అడ్డంగా కాకుండా మామూలు పద్ధతిలో కోసిన ఓక్ పలక, తనలోని తేమ ఒక్క శాతం మారినప్పుడల్లా తన వెడల్పులో 0.00365 వంతు పెరగడమో తగ్గడమో జరుగుతుంది. 200 మి.మీ. పలకలో తేమ నాలుగు శాతమే మారిందనుకుంటే, ఆ ఒక్క పలక దాదాపు 3 మి.మీ. కదులుతుంది. పన్నెండు అడుగుల గదిలో అలాంటివి 18 పడతాయి కనుక మొత్తం కదలిక 5 సెంటీమీటర్లు దాటుతుంది. గోడల వెంట మనం వదిలే సందులు రెండు వైపులా కలిపినా అందులో సగం ఉండవు. చెక్క మీది పూత ఈ కదలికను నెమ్మదింపజేస్తుంది గాని ఆపలేదు. సన్నని పలకల్లో ఇదే కదలిక ఎన్నో చిన్న సందులుగా పంచుకుపోయి కంటికి ఆనదు. వెడల్పు పలకల్లో కొద్ది సందుల్లోనే అంతా బయటపడుతుంది.

ఈ కారణం చేత వరంగల్‌లో ఏకచెక్క పలకలను 5 అంగుళాలకు మించిన వెడల్పులో వేయించవద్దనే నా సలహా. వెడల్పు పలకే కావాలంటే ఇంజినీర్డ్ ఓక్ తీసుకోవాలి. దీనిలో పైన 3 నుంచి 6 మి.మీ. మందాన అసలు ఓక్, కింద అడ్డం పొడవుగా అతికించిన ప్లై పొరలు ఉంటాయి. ఒక పొర కదలబోతే దాని కింది పొర నార అడ్డంగా ఉండి పట్టి ఉంచుతుంది. దీన్ని కొందరు నకిలీ చెక్కగా భావించి చిన్నచూపు చూస్తారు కాని, కాలికి తగిలేదీ కంటికి కనిపించేదీ అసలు ఓక్ చెక్కే.

ఏ గదికి, ఏ అంతస్తుకు

2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ హన్మకొండ, వరంగల్ లోతట్టు కాలనీల ఇళ్లలోకి నీళ్లు చేరాయి. 2023 జులైలో పొరుగున ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. వాన నమోదైంది. నాలాల పక్కన, చెరువు శిఖానికి దగ్గరలో ఉన్న ఇంటి కింది అంతస్తులో చెక్క నేల వేయడం డబ్బును నీళ్లలో పోయడమే. ఎత్తైన చోట ఉన్న ఇంట్లో కూడా, నేల మీదే పోసిన కింది అంతస్తు కాంక్రీట్ మట్టిలోని చెమ్మను పైకి పీలుస్తూ ఉంటుంది. కట్టేటప్పుడే దాని కింద మందపాటి పాలిథిన్ షీట్ పరిచి ఉంటే తప్ప, కింది అంతస్తును రాతికే వదిలేయడం మంచిది. కరీంనగర్ గ్రానైట్ మన పక్కనే దొరుకుతుండగా అందుకు చిన్నబోవలసిన పని లేదు.

వంటగది, పూజగది, స్నానాల గదుల ముందు భాగం, ప్రధాన ద్వారం నుంచి లోపలికి నాలుగడుగుల మేర కూడా రాయే ఉండాలి. గడప కడిగి పసుపు రాసే ఇంట్లో, గడపకు ఆనుకుని ఓక్ పలక ఉండకూడదు. మిగిలేవి పై అంతస్తు పడక గదులు, చదువుకునే గది, ఇంటివారు కూర్చునే చిన్న హాలు. వీటిలోనూ ఏసీ ఉన్న గదులకే ప్రాధాన్యం ఇవ్వాలి. అమెరికా జాతీయ వుడ్ ఫ్లోరింగ్ సంఘం గదిలో 30 నుంచి 50 శాతం మధ్య సాపేక్ష తేమను సూచిస్తుంది. మన వానాకాలంలో 50 శాతం పట్టుకోవడం కష్టమే కాని, కిటికీలు మూసి ఏసీని డ్రై మోడ్‌లో నడిపితేనో, తేమను లాగే డీహ్యూమిడిఫైయర్ పెడితేనో 60 శాతం దాటకుండా చూడవచ్చు. కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ తేమ మీటర్‌ను పలకలు కొనడానికి ముందే ఆ గదిలో పెట్టి, వేసవిలో ఒక వారం, వానాకాలంలో ఒక వారం అంకెలు రాసుకోవాలి. ఎవరెంత నచ్చజెప్పినా అంతిమ తీర్పు ఆ అంకెలదే.

ఇక్కడ ఎయిర్ కూలర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గడ్డి తెరల మీద నీళ్లు జారుతుండగా గాలిని గదిలోకి నెట్టే కూలర్, మే నెలలో ఎండి కుంచించుకుపోయి ఉన్న చెక్కను ఒక్క రాత్రిలో వానాకాలపు గాలిలోకి తీసుకుపోతుంది. తెల్లవారి కూలర్ ఆపి తలుపులు తీయగానే మళ్లీ పొడిగాలి తగులుతుంది. ఇలా రోజూ ఉబ్బుతూ, కుంగుతూ ఉంటే మంచి పలక కూడా పైన సన్నగా బీటలు వారుతుంది. కూలర్ వదులుకోలేని గదికి ఓక్ వద్దు. ఈ ఒక్క మాటలో మాత్రం మినహాయింపు ఇవ్వను.

కొనేటప్పుడు

దుకాణంలో ఓక్ అన్న మాట మూడు వేర్వేరు సరుకులకు వాడతారు. ఒత్తుడు చెక్క పీచు మీద ఓక్ ఫోటో అంటించిన లామినేట్ ఒకటి, ప్లాస్టిక్ రాతిపొడి మిశ్రమం మీద అదే బొమ్మ ముద్రించిన ఎస్‌పీసీ వినైల్ రెండోది, అసలు ఓక్ మూడోది. బిల్లు మీద ఓక్ ఫినిష్ అని రాసి ఉంటే అది మొదటి రెండింటిలో ఒకటి. అవి చెడ్డవి కావు, చవకైనవి, నీళ్లకు వినైల్ బాగా నిలుస్తుంది. కాని ఓక్ ధర పెట్టి వాటిని కొనకూడదు. పలక చివరను అడ్డంగా చూస్తే గుట్టు తెలిసిపోతుంది. పైన కనిపించే నార గీతలు పక్కకు తిరిగి చివరి కోతలో చిన్న రంధ్రాలుగా కొనసాగితే అది అసలు చెక్క. పది పలకలు పరిచి చూస్తే ఒకే ముడి, ఒకే గీత రెండు చోట్ల కనిపిస్తే అది ఫోటో.

అసలు ఓక్‌లో పై పొర మందం ఎంతో, దాన్ని రంపంతో కోశారా లేక దుంగను తిప్పుతూ కాగితంలా ఒలిచారా అని అడగాలి. ఒలిచిన పొరలో నార సహజంగా కనిపించదు, బీటలు కూడా ఎక్కువ. ఒక్కసారి సానబట్టితే అర మి.మీ. కంటే కొంచెం ఎక్కువే అరుగుతుంది కనుక 3 మి.మీ. పై పొర ఉన్న నేలను జీవితకాలంలో ఒకటి రెండు సార్లు కొత్తగా చేసుకోవచ్చు, 1 మి.మీ. పొరకు ఆ అవకాశం లేదు. మొత్తం మందం 14 నుంచి 20 మి.మీ. మధ్య ఉంటుంది. వెడల్పు 190 లేదా 220 మి.మీ. ఉన్న పలకకు 15 మి.మీ.కు తగ్గకుండా తీసుకోవాలి. అడుగు ప్లై అతుకుకు వాడిన జిగురు నుంచి వెలువడే హానికర వాయువు ఫార్మాల్డిహైడ్ స్థాయి ఈ1 గాని అంతకంటే తక్కువ గాని ఉండాలి, ఎందుకంటే మూసి ఉంచే ఏసీ గదిలోనే దీన్ని పరుస్తున్నాం.

తెల్ల ఓక్, ఎర్ర ఓక్ మధ్య ఎంపిక వస్తే మన వాతావరణానికి తెల్ల ఓక్ చెక్కే తగినది. దాని చేవలోని సన్నని నాళాలు సహజంగానే మూసుకుని ఉంటాయి; ద్రాక్షసారా పీపాలను ఆ చెక్కతో చేసేది అందుకే. ఎర్ర ఓక్ నాళాలు తెరిచి ఉంటాయి. యూరోపియన్ ఓక్ కూడా తెల్ల ఓక్ కోవలోనిదే. ముడులు, రంగు తేడాలు లేని ప్రైమ్ గ్రేడ్‌కు ధర ఎక్కువ. ముడులున్న రకంలో చిన్న గీతలు, సందులు కలిసిపోతాయి కనుక పిల్లలున్న ఇంటికి నేను రెండోదే ఎంచుతాను. పెట్టెలో పొడవు పలకలు ఎన్ని, పొట్టి ముక్కలు ఎన్ని అన్నది ముందే అడగాలి; సగం ముక్కలే వస్తే వెడల్పు పలకకున్న అందం పోతుంది.

లెక్క వేయడం సులువే. 14 అడుగులు, 16 అడుగులున్న గది 224 చదరపు అడుగులు. కోతల వృథాకు 10 శాతం కలిపితే 246. దాన్ని పైనున్న నిండు పెట్టెకు సరిచేసి, మరో పెట్టె అదనంగా ఒకే బ్యాచ్‌లో తీసుకుని అటక మీద కాకుండా లోపలి గదిలో మంచం కింద అడ్డంగా పడుకోబెట్టి దాచాలి. అటక వేడికి ఆ పలకలు అవసరమైన రోజుకు వంకర పోయి ఉంటాయి.

కింది నేల సిద్ధం చేయడం

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తీసుకుపోయిన రైతుకు తేమ మీటర్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. 8 శాతం దాకా పూర్తి ధర, ఆపైన కోత, 12 దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. చెక్క నేల పనిలోనూ అంతే నిష్ఠ ఉండాలి. రెండు సూదుల మీటర్‌ను పలకలో గుచ్చి చూస్తే సాధారణంగా 7 నుంచి 10 శాతం మధ్య చూపించాలి. కింద ప్లైవుడ్ వేసి దాని మీద పరుస్తుంటే, ప్లైకీ పలకకూ మధ్య తేడా 2 శాతం మించకూడదు. సన్నని పలకలకు 4 శాతం దాకా సరిపెట్టుకోవచ్చు గాని వెడల్పు పలకకు ఆ వెసులుబాటు లేదు.

కాంక్రీట్ విషయంలో పైన ఆరినట్టు కనిపించడం లెక్కలోకి రాదు. అంగుళం మందానికి సుమారు నెల రోజుల ఆరుదల అన్న పాత లెక్క ఒక అంచనా మాత్రమే. వానాకాలంలో అది కూడా నిలవదు. ఇంట్లో ఎవరైనా చేసుకోగల మొదటి పరీక్ష ఒకటుంది. అడుగున్నర చదరపు పాలిథిన్ షీట్‌ను నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేప్‌తో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు ఆగి తీయాలి. కింద నీటి బొట్లు కట్టినా, నేల రంగు నల్లబడినా పని ఆపాలి. అయితే బొట్లు కట్టనంత మాత్రాన నేల ఆరినట్టు కాదు. ఖరీదైన పలక వేస్తున్నప్పుడు, స్లాబ్ మందంలో 40 శాతం లోతుకు (రెండు వైపులా ఆరే పై అంతస్తు స్లాబ్ అయితే 20 శాతం లోతుకు) రంధ్రం చేసి, లోపల ప్రోబ్ ఉంచి సాపేక్ష తేమను కొలిపించాలి. 75 శాతం లోపు ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి. మీ పలక పెట్టె మీద వేరే అంకె ఉంటే దానికే కట్టుబడాలి. గ్యారంటీ చెల్లుబాటు కావాలంటే ఈ కొలతల ఫోటోలు తేదీతో సహా దాచుకోవడం అవసరం.

తర్వాత మట్టం. పది అడుగుల అల్యూమినియం బద్దను నేల మీద అన్ని దిక్కులా తిప్పి చూసినప్పుడు, దాని కింద ఎక్కడా 5 మి.మీ. మించిన సందు ఉండకూడదు. రసమట్టం ఇక్కడ చాలదు; నేల ఒక వైపు కొద్దిగా వాలినా ఫరవాలేదు, మధ్యలో గుంతలూ గుట్టలూ ఉండకూడదు. మన సుతారులు టైల్స్ కింద ఎంత హెచ్చుతగ్గులున్నా సిమెంట్‌తో సర్దేస్తారు. చెక్క పలక కింద ఆ సర్దుబాటు కుదరదు. కాలు పెట్టిన చోట పలక కుంగి కిర్రుమంటే, దాని కింద గుంత ఉందని అర్థం. గుట్టలను గ్రైండర్‌తో అరగదీసి, గుంతలను సెల్ఫ్ లెవలింగ్ కాంపౌండ్‌తో నింపాలి. పాత టైల్స్ మీద వేస్తుంటే ప్రతి టైల్‌నూ కర్రతో తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చినవాటిని తీసి నింపాలి.

చెదల మందు పని కూడా ఈ దశలోనే ముగించాలి. ఐఎస్ 6313 ప్రమాణం ప్రకారం కట్టిన ఇంటికి మందు వేయడమంటే గోడ, నేల కలిసే చోట వరుసగా రంధ్రాలు చేసి మందు పోయడం. పలకలు పరిచాక ఆ రంధ్రాలు చేయడానికి చోటే ఉండదు. తెల్ల ఓక్ చేవ కుళ్లుకు బాగా తట్టుకుంటుంది, కాని దాని కింది ప్లైని చెదలు వదలవు.

ముహూర్తం, రుతువు

పంచాంగం సంగతి ఇంటి పెద్దలకు వదిలి, రుతువు సంగతి నేను చెబుతాను. మే నెలలో ఎండి ఉన్న పలకలను బిగించి పరిస్తే జులైలో అవి ఉబ్బి, గోడకు తన్ని, మధ్యలో లేస్తాయి. ఆగస్టులో తేమతో ఉన్నవాటిని పరిస్తే ఏప్రిల్‌కు సందులు తెరుచుకుంటాయి. వానలు వెనుకబట్టాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉండే నడిమి తేమే ఈ పనికి అనువైనది. ఏసీ ఉన్న గదైతే పనికి వారం ముందు నుంచే, తర్వాత ఎలా వాడబోతున్నారో అలా నడుపుతూ ఉండాలి. హైదరాబాద్ నుంచి వచ్చిన పెట్టెలను అదే గదిలో, నేలకు ఆనకుండా రీపర్ల మీద పడుకోబెట్టి, కంపెనీ చెప్పిన గడువు దాకా, మామూలుగా రెండు మూడు రోజులు, విప్పకుండా ఉంచాలి. కార్ షెడ్‌లో దించి పెట్టడం చాలా ఇళ్లలో జరిగే మొదటి పొరపాటు.

సీలింగ్, వైరింగ్, ఏసీ పైపులు, స్నానాల గది నీటి పరీక్ష, గోడల రంగు మొదటి కోట్లు అన్నీ అయ్యాకే చెక్క పని మొదలుపెట్టాలి. గృహప్రవేశం కూడా ముందే అయిపోతే ఇంకా నిశ్చింత. ఆవూదూడా ఇల్లు తిరగాలి, పాలు పొంగాలి, హోమగుండం వెలగాలి, గుమ్మడికాయ పగలాలి. వీటిలో ఏ ఒక్కటీ ఓక్ పలకకు మేలు చేసేది కాదు.

పరిచే పని

రెండు పద్ధతులు వాడుకలో ఉన్నాయి. పాలిథిన్ షీట్, దాని మీద 2 లేదా 3 మి.మీ. ఫోమ్ వేసి, పలకలను ఒకదానిలో ఒకటి బిగించి వదిలేయడం తేలే పద్ధతి. ఇది త్వరగా అవుతుంది, చవక, మన దగ్గర పనివారికి అలవాటు. నేలకు జిగురు పూసి పలకను పూర్తిగా అతికించడం రెండోది. 190 మి.మీ. దాటిన పలకకు నేను రెండో పద్ధతినే కోరతాను. పలక అడుగంతా పట్టి ఉంటుంది కనుక అంచులు లేవవు, నడిస్తే డొల్ల శబ్దం రాదు. దీనికి తెల్ల ఫెవికాల్ లాంటి నీటి ఆధారిత జిగురు పనికిరాదు, అందులోని నీటినే చెక్క పీల్చుకుంటుంది. పాలియురేథేన్ లేదా ఎంఎస్ పాలిమర్ జిగురును, కంపెనీ చెప్పిన పళ్ల కొలత ఉన్న తాపీతో, ఒకేసారి రెండు మూడు వరుసలకు సరిపడా మాత్రమే పూయాలి.

పలకలు గది పొడవు వెంట, వీలైతే పెద్ద కిటికీ నుంచి వెలుతురు వచ్చే దిశలోనే సాగాలి. మొదటి వరుస పెట్టకముందే చివరి వరుస ఎంత మిగులుతుందో లెక్క వేయాలి. గది వెడల్పు 3,300 మి.మీ. అనుకుందాం. రెండు గోడల దగ్గరా 12 మి.మీ. చొప్పున వదిలితే 3,276 మిగులుతుంది. 190 మి.మీ. పలకలు 17 పరిచాక ఇంకా 46 మి.మీ. చీలిక మిగులుతుంది, గోడ పక్కన రెండు వేళ్ల పట్టీలా అది వికారంగా కనిపించడమే కాక సరిగా పట్టుకోదు కూడా. అందుకని 190కి 46 కలిపి సగం చేసి, మొదటి వరుసనూ చివరి వరుసనూ 118 మి.మీ. చొప్పున కోసి, మధ్యలో 16 నిండు పలకలు వేస్తే సరిపోతుంది. ఈ లెక్క కాగితం మీద చేయని పనివారిని మొదటి వరుస దగ్గరే ఆపాలి.

సున్నపు నూలు కొట్టి సరళరేఖ గీసుకోవాలి, ఎందుకంటే మన గోడలు నిటారుగా ఉంటాయేమో గాని ఒకదానికొకటి సమాంతరంగా ఉండడం అరుదు. నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి పలకలను కలిపి, రంగు ఒక మూల ముదురుగా, ఒక మూల లేతగా కాకుండా ముందుగా పొడిగా పరిచి చూడాలి. పక్క పక్క వరుసల్లో పలకల చివరలు ఒకదానికొకటి అడుగుకు పైగా దూరంలో పడాలి. మెట్ల మాదిరి ఒకే కొలతలో జరుగుతూ పోతే కృత్రిమంగా కనిపిస్తుంది. సుత్తితో నేరుగా పలక అంచును కొట్టకుండా మధ్యలో చెక్క దిమ్మె పెట్టి తట్టాలి.

గోడల చుట్టూ, పిల్లర్ల చుట్టూ, తలుపు చట్రాల దగ్గర 12 మి.మీ. సందు తప్పనిసరి. ఆ సందులో సిమెంట్, పుట్టీ, చెత్త పడనివ్వకూడదు. స్కర్టింగ్‌ను గోడకు బిగించాలి గాని పలకకు కాదు. గోడ బీరువాలు, వార్డ్‌రోబ్‌లు ముందే కట్టి, వాటి దాకా పలకలు తేవాలి. తేలే నేల మీద బరువైన వార్డ్‌రోబ్ కూర్చోబెడితే ఆ వైపు కదలిక ఆగిపోయి ఎదురు వైపు ఉబ్బుతుంది. రాయి, చెక్క కలిసే చోట ఇత్తడి పట్టీ వేయిస్తే బాగుంటుంది. తలుపు అడుగున ఎంత కోయాలో పలక, జిగురు మందాలు కలిపి ముందే చూసుకోవాలి.

పూత, నల్ల మచ్చ

లక్క మాదిరి పై పొరగా నిలిచే లాకర్ పూత, చెక్కలోకి ఇంకే హార్డ్‌వాక్స్ ఆయిల్ అని పూతలు రెండు రకాలు. లాకర్ నీటిని ఎక్కువసేపు ఆపుతుంది, కాని గీత పడితే గది మొత్తం సానబట్టి మళ్లీ వేయాలి. ఆయిల్ పూత నేలకు గీత పడిన చోటే రుద్ది నూనె పెట్టవచ్చు. ఇల్లు శుభ్రం చేసే పని పూర్తిగా పనివారి చేతిలో ఉన్న ఇంటికి లాకర్, తామే చూసుకునే ఇంటికి ఆయిల్ అని నేను విడదీస్తాను. ఏదైనా మెరుపు లేని మ్యాట్ రకమే మేలు. మెరిసే నేల మీద మన ఎర్రమట్టి దుమ్ము పూటకోసారి కనిపిస్తుంది.

ఓక్‌లో టానిన్ సమృద్ధిగా ఉంటుంది. కలంకారీ పనివారు కరక్కాయ పెట్టిన గుడ్డ మీద ఇనుము తుప్పుతో ఊరబెట్టిన కసిమి ద్రవం తగిలించి నలుపు పుట్టిస్తారు కదా, అదే రసాయన చర్య మీ పడక గదిలోనూ జరుగుతుంది. ఇనుప బీరువా కాళ్ల కింద తడి నిలిస్తే, తుప్పు, టానిన్ కలిసి చెక్క నీలి నలుపుకు తిరుగుతుంది. మా ఇంట్లో ఒక బీరువా కాలి కింద రూపాయి బిళ్లంత మచ్చ అలాగే పడింది; ఆక్సాలిక్ ఆమ్లం పలుచని ద్రావణంతో అది చాలావరకు పోయింది గాని, చేతికి తొడుగు వేసుకుని చేయవలసిన పని, ఆ చోట పూత మళ్లీ వేయవలసి వచ్చింది. బీరువా, మంచం, కుర్చీల కాళ్లన్నింటికీ మందపాటి ఫెల్ట్ ముక్కలు అంటించడం ఎంతో తేలిక. పనివారు స్టీల్ ఊల్‌తో రుద్దకుండా కూడా చూడాలి.

రోజువారీ

చెప్పులు బయటే విడిచే మన అలవాటు ఈ నేలకు పెద్ద రక్ష, ఎందుకంటే పూతను గీసేది పాదం కాదు, చెప్పుకు అంటిన ఇసుక. రోజూ మెత్తని చీపురుతో ఊడ్చి, వారానికి ఒకటి రెండు సార్లు బాగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిస్తే చాలు. తుడిచిన తడి నిమిషంలోపే ఆరిపోవాలి. బకెట్ నీళ్లు, ఫినాయిల్, ఉప్పు నీళ్లు, టైల్స్ యాసిడ్ ఈ గది గడప దాటకూడదు. పనిమనిషికి ఒకసారి చెప్పి ఊరుకోకుండా, ఆ గదికి వేరే మాప్, వేరే చిన్న డబ్బా ఇచ్చేస్తే గొడవ ఉండదు.

బతుకమ్మ పేర్చే రోజుల్లో మరి కాస్త జాగ్రత్త కావాలి. రంగుల్లో ముంచిన గునుగు పూలు తడిగా నేల మీద పడితే ఆ రంగు ఆయిల్ పూతలోకి దిగుతుంది. పేర్చే పని వరండాలో చేసుకుని, లోపలికి తెచ్చిన తాంబాళం కింద పీట వేయడం మంచిది. నేల మీద పరచడానికి కొత్తవాడ నేత జంపఖానా చక్కగా సరిపోతుంది, నూలుది కనుక కింద గాలి ఆడుతుంది. జారకుండా దాని కింద వేసే రబ్బరు షీట్ మాత్రం వద్దు, అది పూత మీద మరక వదులుతుంది. వెలుతురు తగిలిన ఓక్ మొదటి కొన్ని నెలల్లో రంగు మారుతుంది కనుక, అన్నాళ్లూ జంపఖానాను అప్పుడప్పుడు జరుపుతూ ఉంటే దాని ఆకారంలో లేత మచ్చ మిగలదు. పడమటి కిటికీకి తెర తప్పనిసరి.

ఏసీ డ్రెయిన్ పైపు కారో, కిటికీ మూయడం మరిచో నీళ్లు నిలిస్తే, వెంటనే తుడిచి, స్కర్టింగ్ తీసి, ఫ్యాన్ పెట్టి ఆరనివ్వాలి. కొద్ది రోజుల్లో పలకల అంచులు పైకి లేచి, మధ్యలు గిన్నెల్లా పల్లమవుతాయి. అప్పుడు కంగారుపడి సానబట్టించడమే అందరూ చేసే తప్పు. లేచిన అంచులు అరిగిపోయాక చెక్క ఆరితే, అంచులు కిందికి దిగి మధ్యలు బోర్లించిన మూకుడులా ఉబ్బుతాయి. తడిసిన చోట, తడవని చోట మీటర్ ఒకే అంకె చూపించేదాకా, అందుకు రెండు మూడు నెలలు పట్టినా సరే, ఆగాలి. చాలా పలకలు వాటంతట అవే తిరిగి కూర్చుంటాయి. కూర్చోనివాటిని కోసి తీసి, మంచం కింద దాచిన పెట్టెలోంచి కొత్తవి వేయించాలి.